ఉల్లిపాయ డీఎన్ఏ, నౌపడ ఉప్పు, ఫాస్ఫేట్

జాతీయ సైన్స్ దినోత్సవం, ఫిబ్రవరి 28 దగ్గర పడితే మన శ్రీకాకుళం, విజయనగరం స్కూళ్ళలో సైన్స్ ఫెయిర్ల హడావుడి మొదలవుతుంది. బల్ల మీద కచ్చితంగా కనిపించే ప్రయోగాల్లో ఒకటి అరటిపండు నుంచి డీఎన్ఏ తీయడం. పండు మెదిపి, ఉప్పు, సబ్బునీళ్ళు కలిపి, వడగట్టి, పైన స్పిరిట్ పోస్తారు. తెల్లగా ఏదో తేలుతుంది. అదే డీఎన్ఏ అని చెప్పి పక్క బల్లకు వెళ్ళిపోతారు. ఉప్పు ఎందుకు వేశామని అడిగితే మాత్రం సరైన సమాధానం తక్కువగా వినిపిస్తుంది. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే డీఎన్ఏ నిర్మాణంలో సగం తెలిసినట్టే. అందుకే ఈ పోస్టు ఉప్పు చుట్టూ తిరుగుతుంది.

ముందు ఆకారం. రాజాం, బొబ్బిలి వైపు గోగునారతో తాడు పేనడం చూసినవాళ్ళకు ఇది సులువు. డీఎన్ఏ రెండు పేటల తాడు, కుడిపురి. ఒక్కో పేటలో చక్కెర, ఫాస్ఫేట్, చక్కెర, ఫాస్ఫేట్ ఇలా వరసగా గొలుసు కట్టి ఉంటాయి. ఆ చక్కెర పేరు డీఆక్సీరైబోజ్, అయిదు కార్బన్లది. దాని మొదటి కార్బన్‌కు ఒక క్షారం (బేస్) అతుక్కుని లోపలి వైపు తిరిగి ఉంటుంది. క్షారాలు నాలుగు: అడినిన్ (ఏ), గ్వానిన్ (జీ), సైటోసిన్ (సీ), థైమిన్ (టీ). ఒక పేటలోని అడినిన్ ఎదుటి పేటలోని థైమిన్‌తో రెండు హైడ్రోజన్ బంధాలతో, గ్వానిన్ సైటోసిన్‌తో మూడు బంధాలతో జతకడతాయి. రెండు పేటలూ ఎదురుబొదురు దిక్కుల్లో నడుస్తాయి. ఒకదాని మొదలు ఉన్నచోట రెండోదాని కొస ఉంటుంది. ఫాస్ఫేట్ ఒక చక్కెర అయిదో కార్బన్‌ను పక్క చక్కెర మూడో కార్బన్‌తో కలుపుతుంది కాబట్టే పేటకు అలా ఒక దిక్కు వచ్చింది. ఐదు ప్రైమ్, మూడు ప్రైమ్ అని పుస్తకాల్లో రాసేది ఈ కార్బన్ల అంకెలనే.

కొలతలు కూడా గుర్తుపెట్టుకోదగ్గవే. తాడు మందం 2 నానోమీటర్లు. ఒక జత నుంచి పై జతకు ఎడం 0.34 నానోమీటర్లు. ఒక పూర్తి మెలికకు సుమారు పదిన్నర జతలు. స్కూలు గోడ మీద చార్టు గీసే మాస్టార్లకు ఒక మనవి: ఎదురుగా కనిపించే పేట కింద ఎడమ నుంచి పైకి కుడివైపు ఎక్కాలి. అటుదిటు అయితే అది ఎడమపురి అయిపోతుంది. అచ్చయిన పోస్టర్లలోనూ ఈ తప్పు ఉంటుంది. పిల్లలు దాన్నే చూసి నేర్చుకుంటారు, కొనేముందు ఒకసారి చూసుకోండి.

ఇంకో తప్పు పాఠాల్లోనే ఉంది. రెండు పేటలనూ పట్టి ఉంచేది హైడ్రోజన్ బంధాలే అని రాస్తారు. ఎవరి జత ఎవరో తేల్చేవి ఆ బంధాలే, నిజమే. కానీ తాడుకు గట్టితనం ఎక్కువగా వచ్చేది క్షారాలు పళ్ళాల దొంతరలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుని ఉండటం వల్ల. బల్లపరుపు క్షారాలకు నీళ్ళంటే పడదు, అవి లోపల దగ్గర దగ్గరగా నొక్కుకుని ఉంటాయి. నీళ్ళంటే ఇష్టమున్న ఫాస్ఫేట్లు బయట ఉంటాయి. లోపలి క్షారాల వరసలో ఉండేది మాట, అంటే జన్యు సమాచారం. బయటిది విద్యుదావేశం. గ్లాసులో మన చేతికి దొరికేదంతా బయటి భాగం చేసే పనే.

ఫాస్ఫేట్ బలమైన ఆమ్లం తాలూకు ముక్క. మామూలు నీటిలో దాని ప్రోటాన్ ఊడిపోయి ఒక్కో ఫాస్ఫేట్ మీద ఒక రుణావేశం మిగులుతుంది. అంటే ఒక్క మెలికలో దాదాపు 21 రుణావేశాలు. డీఎన్ఏ పూర్తి పేరు డీఆక్సీరైబోన్యూక్లిక్ ఆమ్లంలో ‘ఆమ్లం’ అన్న మాట వచ్చింది అందుకే. ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి కాబట్టి రెండు పేటలకూ పడదు, ఒక డీఎన్ఏ తాడుకు పక్క తాడుకూ పడదు. ఉప్పు నీటిలో కరిగితే సోడియం ధనావేశంతో వచ్చి ఫాస్ఫేట్ల చుట్టూ మూగుతుంది. తోపులాట తగ్గుతుంది. ఉప్పు అసలే లేని శుద్ధ నీటిలో పలచగా కరిగించిన డీఎన్ఏ పేటలు గది వేడికే విడిపోవచ్చు. తీసిన డీఎన్ఏను ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో దాచకూడదనడానికి ఒక కారణం ఇదే.

ఇక ప్రయోగానికి వద్దాం. అరటిపండు వద్దు, ఉల్లిపాయ తీసుకోండి. అరటిపండులో పెక్టిన్ ఉంటుంది, జామ్‌ను గడ్డకట్టించే పదార్థం అదే. ఆల్కహాల్ పోస్తే డీఎన్ఏతోపాటు పెక్టిన్ కూడా విరిగి తెల్లగా తేలుతుంది. సైన్స్ ఫెయిర్ గ్లాసుల్లో బుడగలతో తేలే లావుపాటి జెల్లీలో చాలా భాగం పెక్టినే. దాన్ని చూపించి డీఎన్ఏ అంటే పిల్లలకు అబద్ధం చెప్పినట్టే. ఉల్లిపాయలోనూ పెక్టిన్ ఉంది, కానీ ఉల్లి జీనోమ్, అంటే ఒక పూర్తి సెట్టు డీఎన్ఏ, చాలా పెద్దది. ఒక సెట్టులో సుమారు 1,600 కోట్ల క్షార జతలు ఉంటాయి. మనిషిలో 310 కోట్లే. ఒక్క ఉల్లి కణంలో రెండు సెట్లు, ఒక్కో జతకు 0.34 నానోమీటర్ల లెక్కన గుణిస్తే దాదాపు 11 మీటర్ల తాడు. మనిషి కణంలో 2 మీటర్లు. మనం తినే అరటిలో చాలా రకాలకు మూడు సెట్లు ఉన్నా ఒక్కోటి 50 కోట్ల జతల పైచిలుకే, కాబట్టి ఉల్లి కణంలో అరటి కణం కంటే సుమారు 20 రెట్లు డీఎన్ఏ ఉంటుంది. గడ్డ మధ్యలో, వేరు మొదలుకు ఆనుకుని ఉండే లేత భాగం ఇంకా మంచిది. అక్కడ కణాలు చిన్నవి, కాబట్టి అదే బరువులో కేంద్రకాలు ఎక్కువ.

100 మిల్లీలీటర్ల ద్రావణం ఇలా కలపండి. 90 మిల్లీలీటర్ల నీళ్ళు, 10 మిల్లీలీటర్లు గిన్నెలు తోమే లిక్విడ్, 3 గ్రాముల ఉప్పు. ఈ ఉప్పుతో సోడియం సుమారు అర మోలార్ (లీటరుకు అర మోల్) అవుతుంది. బోరు నీళ్ళు వద్దు. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఆర్వో నీళ్ళు గానీ బ్యాటరీలో పోసే నీళ్ళు గానీ వాడండి. ఉప్పు విషయంలోనూ ఇదే మాట. నౌపడ మడుల కల్లుప్పు వంటకు, ఊరగాయకు ఎంత మంచిదైనా ఇక్కడ పనికిరాదు. వానాకాలంలో కల్లుప్పు చెమర్చడానికి కారణం అందులోని మెగ్నీషియం క్లోరైడ్. డీఎన్ఏను ముక్కలు చేసే డీఎన్ఏజ్ ఎంజైములకు పని చేయడానికి కావాల్సింది ఆ మెగ్నీషియమే. కాల్షియం ఏమో పెక్టిన్‌ను జెల్లీగా గడ్డకట్టిస్తుంది. ప్యాకెట్లో వచ్చే శుద్ధి చేసిన మెత్తటి ఉప్పు వాడండి, అందులోని అయోడిన్‌తో ఇబ్బంది లేదు.

లిక్విడ్ బదులు బట్టల సోడా పొడి వాడేవాళ్ళున్నారు. అది బాగా క్షారగుణం ఉన్నది. పీహెచ్ 12కు చేరువైతే క్షారాల మీది ప్రోటాన్లు ఊడి హైడ్రోజన్ బంధాలు తెగిపోతాయి, రెండు పేటలూ విడిపోతాయి. విడిపోయిన ఒంటి పేటలు పొడుగ్గా పోగులా రావు, పొడిపొడిగా ముద్దకడతాయి. లిక్విడ్ చేసే పని వేరు. కణపొర, కేంద్రకపు పొర కొవ్వుతో అయినవి, జిడ్డు గిన్నె మీద చేసే పనే వాటి మీదా చేస్తుంది. డీఎన్ఏకు చుట్టుకున్న ప్రొటీన్లను కూడా కొంత వదిలిస్తుంది. మిగతా ప్రొటీన్ వదిలించడంలో ఉప్పుకూ పాత్ర ఉంది. హిస్టోన్ ప్రొటీన్లు ధనావేశంతో ఫాస్ఫేట్‌ను పట్టుకుని ఉంటాయి, సోడియం మూగితే ఆ పట్టు సడలుతుంది.

ఒక మోస్తరు ఉల్లిపాయ, సుమారు 100 గ్రాములు, సన్నగా తరిగి ద్రావణంలో వేసి గిన్నెను 60 డిగ్రీల వేడినీళ్ళలో 15 నిమిషాలు ఉంచండి. థర్మామీటర్ తప్పనిసరి. 60 డిగ్రీలకు కణాల గోడలు మెత్తబడతాయి, డీఎన్ఏజ్ ఎంజైములు చాలా వరకు చచ్చుపడతాయి. మరిగించకూడదు. 0.2 మోలార్ సోడియంలో మనిషి డీఎన్ఏ పేటలు విడిపోయే వేడి సుమారు 86 డిగ్రీలు. జీ-సీ జతలు పెరిగినకొద్దీ ఆ అంకె పెరుగుతుంది, ఒక్కో శాతానికి 0.4 డిగ్రీ చొప్పున. 60కీ 86కీ మధ్య మనకు తగినంత ఎడం ఉంది, కానీ స్టవ్ మీద నేరుగా పెడితే ఆ ఎడం నిమిషంలో దాటిపోతుంది. పావుగంట కాగానే గిన్నెను ఐసు ముక్కల్లోకి దించి 5 నిమిషాలు చల్లార్చాలి. మిగిలిన ఎంజైములను నిదానింపజేసేది ఈ చల్లదనమే.

తర్వాత మిక్సీలో 5 సెకన్లు. అయిదే. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. 2 నానోమీటర్ల మందం, సెంటీమీటర్ల పొడవు ఉన్న తాడును బ్లేడు, సుడి కలిసి తుంపేస్తాయి. అర నిమిషం తిప్పితే చివర్లో పోగుల బదులు మజ్జిగ విరిగినట్టు తెల్ల నలుసులు వస్తాయి. అవి కూడా డీఎన్ఏనే, కానీ పుల్లకు చుట్టుకోవు. రోట్లో మెత్తగా దంచడం ఇంకా నయం. ఇక్కడి నుంచి సన్న మొన డ్రాపర్‌తో పీల్చడం, గట్టిగా కుదపడం మానేయండి.

పలచని నూలుగుడ్డ నాలుగు మడతలు వేసి వడగట్టండి. గుడ్డను పిండకండి, పిండితే పిప్పి, నురగ రెండూ దిగుతాయి. దిగిన ద్రవం 10 మిల్లీలీటర్లు టెస్ట్‌ట్యూబులో తీసుకుని, వడకట్టిన తాజా అనాస రసం 1 మిల్లీలీటరు కలిపి 3 నిమిషాలు ఆగండి. సీతంపేట ఏజెన్సీ నుంచి మన సంతలకు వచ్చే అనాస ఇందుకు చక్కగా సరిపోతుంది. అందులో బ్రొమెలైన్ అనే ఎంజైము ప్రొటీన్లను నరుకుతుంది. అనాస తింటే నాలుక చురుక్కుమనడంలోనూ దాని చెయ్యి ఉంది. డబ్బా అనాస, ప్యాకెట్ జ్యూస్ పనికిరావు, వేడికి ఎంజైము పోయి ఉంటుంది. రసం ఎక్కువ పోయడం మంచిది కాదు, అది పుల్లటిది. ఆమ్లంలో అడినిన్, గ్వానిన్ చక్కెర నుంచి ఊడిపోవడం మొదలవుతుంది. ఒక మిల్లీలీటరుతో ఆ కొద్ది నిమిషాల్లో వచ్చే నష్టం లెక్కలోకి రాదు.

ఇప్పుడు ఆల్కహాల్. ప్రయోగం నిలిచేదీ పోయేదీ దీని మీదే. 95 శాతం ఇథనాల్ కావాలి, 10 మిల్లీలీటర్లకు 25 మిల్లీలీటర్లు. ముందే ఐసులో బాగా చల్లబరచండి. ఐసులో గుప్పెడు ఉప్పు కలిపితే సున్నా కంటే కిందికి దిగుతుంది, ఆ పనికి కల్లుప్పు భేషుగ్గా పనికొస్తుంది. ఇంటి ఫ్రిజ్‌లో మూత లేని ఆల్కహాల్ సీసా పెట్టకండి, లోపలి స్విచ్చుల నిప్పురవ్వకు ఆవిరి అంటుకునే ప్రమాదం ఉంది. స్టవ్ ఆర్పేశాకే సీసా తెరవాలి. స్పిరిట్‌లో విషపదార్థాలు కలిపి ఉంటాయి, పిల్లల చేతికి సీసా ఇవ్వకూడదు.

చేతులకు రాసుకునే శానిటైజర్ ఎందుకు పనిచేయదంటే అందులో ఆల్కహాల్ 70 శాతం దగ్గర్లోనే ఉంటుంది, జెల్ అయితే చిక్కబరిచే పదార్థం కూడా ఉంటుంది. 70 శాతం ఇథనాల్‌ను రెండింతలు పోసినా మొత్తం కలిశాక మిగిలేది 47 శాతమే. డీఎన్ఏ విరగాలంటే 65, 70 దరిదాపుల్లో ఉండాలి. ఇథనాల్ దొరకకపోతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడొచ్చు, అది సమాన పరిమాణం చాలు.

ట్యూబును వంచి, గోడ వెంట ఆల్కహాల్‌ను నెమ్మదిగా జార్చాలి. అది నీళ్ళకంటే తేలిక కాబట్టి పైన వేరే పొరగా నిలుస్తుంది. కదపకుండా మూడు నుంచి అయిదు నిమిషాలు చూడండి. రెండు పొరల మధ్య మొదట మసకగా ఒక తెర, దాన్నుంచి పైకి సన్నటి పాలరంగు దారాలు లేస్తాయి. చిన్న చిన్న గాలిబుడగలు వాటికి చిక్కుకుని పైకి లాగుతుంటాయి. ఒక గాజుపుల్లను ఆ మధ్య పొరలో ఒకే దిక్కున మెల్లగా తిప్పితే దారం పుల్లకు చుట్టుకుంటుంది, పైకెత్తితే చీమిడిలా సాగుతుంది. ఆ సాగడమే పొడుగు అణువుల గుర్తు. పెక్టిన్ అయితే పుల్లకు చుట్టుకోకుండా జెల్లీ ముద్దగా జారిపోతుంది.

ఆ మధ్య పొరలో జరిగిందే మొదటి ప్రశ్నకు జవాబు. నీటికి ఆవేశాలను విడదీసి ఉంచే శక్తి చాలా ఎక్కువ, దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకం 80 దగ్గర. ఇథనాల్‌కు 25 దగ్గర. నీళ్ళలో ఉన్నంతసేపూ సోడియం ఫాస్ఫేట్ చుట్టూ వదులుగా తిరుగుతుంటుంది, డీఎన్ఏ కరిగే ఉంటుంది. ఆల్కహాల్ కలిసేసరికి సోడియం, ఫాస్ఫేట్ గట్టిగా పట్టుకుంటాయి, ఆవేశం తీరిపోతుంది, తాళ్ళ మధ్య తోపులాట ఆగిపోతుంది. వేలాది తాళ్ళు దగ్గరికి చేరి కంటికి కనిపించే దారం అవుతాయి. ఉప్పు వేయకుండా ఎంత ఆల్కహాల్ పోసినా ఆ దారం సరిగా రాదు. రెండు ట్యూబుల్లో, ఒకదాంట్లో ఉప్పుతో, ఒకదాంట్లో ఉప్పు లేకుండా చేసి పక్కపక్కన పెట్టండి. సైన్స్ ఫెయిర్ బల్ల మీద దీనికంటే మంచి బోర్డు అక్కర్లేదు. గ్లాసులో కనిపించేది ఒక డీఎన్ఏ కాదని కూడా అప్పుడే చెప్పండి. 2 నానోమీటర్ల తాడు కంటికే కాదు, మామూలు సూక్ష్మదర్శినికీ ఆనదు.

కాలేజీ ల్యాబు ఉన్నవాళ్ళు అక్కడితో ఆగకూడదు. తెల్లగా ఉన్నది డీఎన్ఏనే అని తేల్చే పరీక్ష డైఫినైల్ అమీన్‌ది. 100 మిల్లీలీటర్ల గ్లేషియల్ అసిటిక్ ఆమ్లంలో 1 గ్రాము డైఫినైల్ అమీన్, దానికి 2.5 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఫ్యూమ్ హుడ్ కింద, గ్లవ్స్, కళ్ళద్దాలతోనే. దారాన్ని కొద్ది నీటిలో కరిగించి, రెండింతలు ఈ ద్రావణం కలిపి, మరిగే నీళ్ళలో 10 నిమిషాలు ఉంచితే నీలం వస్తుంది. ఆమ్లానికి అడినిన్, గ్వానిన్ ఊడిపోయి బయటపడ్డ డీఆక్సీరైబోజ్ ఇచ్చే రంగది. కణంలోనే ఉండే డీఎన్ఏ బంధువు ఆర్ఎన్ఏలో చక్కెర వేరు (రైబోజ్), అది ఈ నీలం ఇవ్వదు, పెక్టిన్ అసలే ఇవ్వదు.

స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రవం ఎంత కాంతి పీల్చిందో కొలిచే పరికరం) ఉంటే 260 నానోమీటర్ల కాంతి దగ్గర చూడండి. రీడింగు 1 అయితే మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల రెండు పేటల డీఎన్ఏ. 260 రీడింగును 280 రీడింగుతో భాగిస్తే 1.8 దగ్గర రావాలి, అంతకంటే బాగా తగ్గితే ప్రొటీన్ మిగిలిందన్నమాట. ఆర్ఎన్ఏ కూడా 260 దగ్గరే కాంతిని పీలుస్తుంది కాబట్టి మన ఉల్లి ద్రవంలో ఈ అంకె ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. దాన్ని పూర్తిగా నమ్మకూడదు. అదే ట్యూబును వేడిచేస్తూ పోతే పేటలు విడిపోయే దగ్గర రీడింగు 40 శాతం దాకా పెరుగుతుంది. దొంతరలో ఒత్తుకుని ఉన్నప్పుడు క్షారాలు తక్కువ కాంతి పీలుస్తాయి, దొంతర చెదిరితే ఎక్కువ పీలుస్తాయి. దొంతర సంగతి కళ్ళతో చూడాలంటే వేడితోపాటు రీడింగు ఎలా పెరిగిందో గీసే ఈ గీతే దారి.

ఫాస్ఫరస్‌ను కొలవడం మరో దారి. డీఎన్ఏ బరువులో అది సుమారు 9 శాతం. ఆమ్లంతో కాచి ఫాస్ఫేట్‌ను విడగొట్టి, మాలిబ్డేట్ కలిపి నీలం రంగు తెప్పించి కొలిచే పద్ధతి 1925లో వచ్చింది. దాన్ని రూపొందించినవాళ్ళు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్ రికార్డుల్లో ‘ఫిస్క్-సుబ్బారావు పద్ధతి’ అని ఇప్పటికీ రాస్తున్నారు. ఆ పేరు ఎవరిదో తెలియకుండా రాయిస్తే మాత్రం బాధగా ఉంటుంది.

ఇంతవరకూ చూసిందంతా బయటి ఫాస్ఫేట్ సంగతి. లోపలి మాట గ్లాసులో కనిపించదు. మన ఏజెన్సీ మండలాల్లో సికిల్ సెల్ పరీక్షలు జరుగుతుంటాయి కదా, ఆ జబ్బుకు కారణం బీటా గ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం. జీఏజీ ఉండాల్సినచోట జీటీజీ. దానివల్ల ప్రొటీన్ ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం పోయి వేలిన్ వస్తుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కుని ఎర్రకణాన్ని కొడవలిలా వంచుతుంది. జబ్బు ఉన్నవారు, లేనివారు ఇద్దరి రక్తం నుంచీ డీఎన్ఏ తీసి పక్కపక్కన పెట్టినా దారాల్లో ఏ తేడా ఉండదు. ఆ అక్షరాన్ని పట్టుకోవడానికి ఎంఎస్‌టీ-టూ అనే కత్తెర ఎంజైమును వాడారు. సీసీటీ, తర్వాత ఏదో ఒక అక్షరం, తర్వాత ఏజీజీ వస్తేనే అది కోస్తుంది. మామూలు జన్యువులో అక్కడ సీసీటీజీఏజీజీ ఉంది, కోస్తుంది. సికిల్ జన్యువులో సీసీటీజీటీజీజీ, కోయదు.

కోసిన ముక్కలను అగరోజ్ జెల్‌లో పెట్టి కరెంటు ఇస్తారు. అక్కడ మళ్ళీ ఫాస్ఫేటే పని చేస్తుంది. రుణావేశం కాబట్టి డీఎన్ఏ ధనధ్రువం వైపే పరుగెడుతుంది. ముక్క పెద్దదైతే ఆవేశమూ అంతే పెరుగుతుంది కాబట్టి జెల్ సందుల్లోంచి ఎంత తేలిగ్గా దూరగలదన్నదే తేడా తెస్తుంది, చిన్నది ముందు పోతుంది. ఆ జన్యువుకు మాత్రమే అతుక్కునే గుర్తు ముక్కతో (ప్రోబుతో) చూస్తే మామూలు మనిషికి 1,150 జతల ముక్క, దానితో తెగిన 200 జతల ముక్క ఉంటాయి. సికిల్ జబ్బు ఉన్నవారికి తెగని 1,350 జతల ముక్క ఒక్కటే. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ జన్యువు వచ్చినవారికి తెగని 1,350, తెగిన 1,150, 200 ముక్కల గీతలన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి.